అస్తిత్వవాదం ఎక్కడ మొదలుపెట్టాలి? ఒక కోనసీమ పాఠకురాలి కేస్ స్టడీ

గోదావరి డెల్టాలో ఒక శాఖా గ్రంథాలయంలో పనిచేస్తున్నాను. ఆంధ్రా యూనివర్సిటీలో ఫిలాసఫీ చదువుకున్నాను కాబట్టి తత్వశాస్త్రం పుస్తకాలు కావాలని ఎవరొచ్చినా నా దగ్గరికే పంపుతారు. ఈమధ్య వాళ్ళలో ఎక్కువమంది అడుగుతున్నది అస్తిత్వవాదం, అంటే మనిషి తన ఎంపికలతో తనని తానే తయారుచేసుకుంటాడు, వాటి బాధ్యతా తనదే అనే ఆలోచన. సార్త్ర్, కామూ అనే ఫ్రెంచి రచయితల పేర్లు ఏదో వీడియోలో వింటారు, ఉన్నవాటిలోకెల్లా లావుపాటి పుస్తకం కొంటారు, కొన్ని పేజీలు చదివి ఆగిపోతారు. తరువాత చాలా ఏళ్ళపాటు ఆ వైపు చూడరు. ఆగిపోయిన చోటినుంచి ఒక మనిషి మళ్ళీ ఎలా కదిలారో చెప్పే కేసు ఇది. పాఠకులకు దారి చూపే పనిలో ఉన్న లైబ్రేరియన్లకు, టీచర్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను. ఆమె అనుమతి తీసుకున్నాను. ఊరు చెప్పడం లేదు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను.

నేపథ్యం

పాఠకురాలికి నలభై దాటాయి. బీకాం చదివి, ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తున్నారు. భర్త చాలా ఏళ్ళుగా గల్ఫ్‌లో ఉన్నారు. ఇంట్లో అత్తగారు, ఇంటర్ చదివే కొడుకు. మురుగు కాలువ పక్కన కొంచెం వరి పొలం ఉంది. చుట్టుపక్కల పొలాలు ఒకదాని వెనక ఒకటి రొయ్యల చెరువులైపోయాయి, ఇది కూడా చెరువుకి లీజుకిచ్చేద్దామని మరిదిగారు అడుగుతున్నారు. తెలుగు నవలలు విపరీతంగా చదివిన మనిషి. ఇంగ్లిష్ చదవగలరు గానీ నెమ్మదిగా, ఫోన్‌లో డిక్షనరీ పక్కన పెట్టుకుని.

ఏ సమస్యతో వచ్చారు

ఆమె తెచ్చిన పుస్తకం సార్త్ర్ రాసిన 'బీయింగ్ అండ్ నథింగ్‌నెస్'. ఫ్రెంచిలో 1943లో వచ్చింది, ఆమె దగ్గరున్నది హేజెల్ బార్న్స్ ఇంగ్లిష్ అనువాదం. ఇంట్రడక్షన్‌లో ప్రతి వాక్యం కిందా పెన్సిల్ గీత ఉంది. నాలుగోసారి మొదలుపెట్టానని చెప్పారు. "నా బుర్రకి ఎక్కట్లేదండి. దీనికంటే ముందు ఏం చదవాలో చెప్పండి సార్, అవి చదివి వస్తాను" అన్నారు.

ఆ ప్రశ్నకి పండితులు ఇచ్చే జవాబు ఒకటుంది. సార్త్ర్ అర్థం కావాలంటే డెకార్ట్, హెగెల్, హుస్సెర్ల్ తెలియాలి, 1927లో వచ్చిన హైడెగర్ 'బీయింగ్ అండ్ టైమ్' తెలియాలి. ఈ జవాబులో తప్పేమీ లేదు. కానీ మిల్లులో రాత్రి ఎనిమిదింటిదాకా పనిచేసే మనిషికి ఆ జాబితా ఇస్తే చదవొద్దని మర్యాదగా చెప్పినట్టే. పైగా ఆ పుస్తకం మొత్తంలో అతి కష్టమైన భాగాల్లో ఇంట్రడక్షన్ ఒకటి. అందులో సార్త్ర్ మాట్లాడుతున్నది తోటి తత్వవేత్తలతో.

అందుకని జాబితా ఇవ్వకుండా, ఈ పుస్తకం ఎందుకు కొన్నారని అడిగాను. చాలాసేపు చెప్పలేదు. తరువాత చెప్పింది ఇది: "మనిషికి స్వేచ్ఛ ఒక శిక్ష అని ఆయన అన్నాడట, వీడియోలో విన్నాను. ఆ రాత్రి కూర్చుని ఆలోచించానండి. కాలేజీ నాన్నగారు చెప్పారు. సంబంధం మావయ్య తెచ్చారు. ఉద్యోగం మా ఆయన చూసిపెట్టారు. నేను ఎంచుకున్నది ఒక్కటీ కనిపించలేదు. మరి ఆ సార్త్ర్ నన్ను స్వతంత్రురాలివి అంటున్నాడు. ఆయన అబద్ధమైనా చెబుతుండాలి, నేనేదైనా చూడకుండానైనా ఉండాలి."

ఆ చివరి వాక్యాన్ని ఆమె చేతే ఒక నోట్‌బుక్ మొదటి పేజీలో రాయించాను. ఈ కేసులో నేను చేసిన పనులన్నిటిలో ఎక్కువ ఉపయోగపడింది అదేనని ఇప్పటికీ అనుకుంటాను. ఆమెకి ఒక ప్రశ్న ఉంది, ఆ ప్రశ్నకి పదును ఉంది. ఇక ఏ పేజీ చదవాలన్నా, ఆ పేజీకీ ఈ వాక్యానికీ సంబంధం ఉందా అని చూస్తే చాలు.

పుస్తకం చేతిలో పెట్టేముందు ఇంకొకటి చూసుకోవాలి. జీవితానికి అర్థం ఏమిటని వచ్చే మనిషి తత్వం కోసం వచ్చారా, లోపల మరీ చీకటిగా ఉండి వచ్చారా అన్నది. నిద్ర ఎలా ఉంది, తిండి తింటున్నారా, బతకాలని లేదన్న ఆలోచన వస్తోందా అని నేరుగా అడుగుతాను. అడిగితే ఎవరూ నొచ్చుకోరు. కామూ 1942లో రాసిన 'ది మిత్ ఆఫ్ సిసిఫస్' మొదటి వాక్యమే ఆత్మహత్య గురించి. గొప్ప పుస్తకమే, కానీ మనిషి పరిస్థితి తెలియకుండా దాన్ని చేతిలో పెట్టకూడదు. అలాంటి జాడ ఏమాత్రం కనిపించినా పుస్తకం పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి పంపుతాను, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ నంబరు 14416 రాసిస్తాను. ఈమె విషయంలో ఆ అవసరం రాలేదు. కోపంగా ఉన్నారు, కుతూహలంగా ఉన్నారు. రెండూ చదువుకి మంచివే.

ఏమేం ప్రయత్నించాం, ఏది పనిచేయలేదు

నా దగ్గరికి వచ్చేముందే ఆమె రెండు దారులు చూశారు. ఒకటి వీడియోలు. వాటివల్ల చాలా వాక్యాలు నోటికొచ్చాయి గానీ, వాటి వెనకున్న తర్కం ఒక్కటీ రాలేదు. రెండోది ఎక్కడో దొరికిన కాలక్రమం జాబితా: కీర్కెగార్డ్, దొస్తొయెవ్‌స్కీ, నీషే, ఆ తరువాత మిగతావాళ్ళు. కీర్కెగార్డ్ 1843లో మారుపేరుతో రాసిన 'ఫియర్ అండ్ ట్రెంబ్లింగ్' తెరిచారు. దేవుడి ఆజ్ఞ ప్రకారం కొడుకుని బలివ్వడానికి కొండెక్కిన అబ్రహాము కథ చుట్టూ తిరిగే పుస్తకం అది. బైబిల్ నేపథ్యం ఆమెకి పెద్దగా లేదు, తన కాలపు క్రైస్తవంతో కీర్కెగార్డ్‌కున్న పేచీ అసలే తెలియదు. చరిత్ర పాతనుంచి కొత్తకి నడిచింది కదా అని పాఠకులు కూడా అలాగే నడవాలనేం లేదు.

మా ఇద్దరి మొదటి ప్రయత్నం నవల. ఆమె నవలల మనిషి కాబట్టి కామూ 'ది స్ట్రేంజర్' ఎంచుకున్నాను. చిన్నది, భాష తేలిక, వాక్యాలు పొట్టివి. తనను అస్తిత్వవాది అనడం కామూకి ఇష్టం లేదని ముందే చెప్పాను. అది చెప్పకపోతే రెండు రకాల ఆలోచనలు పాఠకుల తలలో ఒకే ముద్దగా కలిసిపోతాయి.

పుస్తకం గబగబా అయిపోయింది, ఆమె మాత్రం విసుగ్గా వచ్చారు. "అమ్మ పోయిన మర్నాడు ఈతకెళ్ళి, సినిమాకెళ్ళి, తరువాత ఎవరినో కాల్చేసినవాడి గురించి చదివి నేనేం నేర్చుకోవాలండి? ఇలా ఉండమంటున్నాడా?" నవలని నీతికథగా చదివారు. ఇందులో ఆమె లోపం లేదు. తత్వం పేరు చెప్పి నవల ఇస్తే, ఎవరైనా అందులో బోధ వెతుకుతారు, హీరోని ఆదర్శం అనుకుంటారు. ఈ నవల హీరో మ్యూర్సో వాదించడు, తన పని తాను చేసుకుపోతాడు. ఆమె నోట్‌బుక్‌లో ఉన్నది మాత్రం వాదన కోరుతున్న ప్రశ్న.

భాష అడ్డొస్తోందేమో చూద్దామని తెలుగు వైపు కూడా వెళ్ళాం. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' ఆమె కుర్రతనంలో ఒకసారి చదివారు, మళ్ళీ చదవమన్నాను. తల్లి గురించి లోకం అనుకునే మాటలు కథానాయకుడు దయానిధిని జీవితమంతా వెంటాడతాయి. అది అస్తిత్వవాద నవల అని నేను అనను, అనవలసిన అవసరమూ లేదు. మనిషి జీవితానికీ లోకం చూపుకీ మధ్య గొడవని తెలుగులో అంత దగ్గరగా చూపిన నవలలు తక్కువ కాబట్టి ఇచ్చాను. ఈసారి ఆమె కదిలిపోయారు, దయానిధి గురించి గంటసేపు మాట్లాడారు. కానీ తన ప్రశ్న దగ్గరికి రాలేదు. దయానిధి మీద జాలిలోనే ఉండిపోయారు. ఇంగ్లిష్ వల్లే కష్టమవుతోందన్న అనుమానం మాత్రం దీంతో తీరిపోయింది. ఆమెకి కావలసింది తనతో నేరుగా వాదించే పేజీ.

ఏది పనిచేసింది

1945 అక్టోబరు 29న పారిస్‌లో సార్త్ర్ ఒక ఉపన్యాసం ఇచ్చాడు. మరుసటి ఏడాది 'ఎగ్జిస్టెన్షియలిజం ఈజ్ ఎ హ్యూమనిజం' పేరుతో పుస్తకంగా వచ్చింది. దీన్ని పండితులు అంతగా మెచ్చరు, మరీ సులువు చేశాడంటారు. హైడెగర్ అయితే దానికి విరుద్ధంగా పెద్ద ఉత్తరమే రాశాడు. ఈ విమర్శల్లో నిజం ఉంది. అయినా మొదలుపెట్టేవాళ్ళకి నేను దీన్నే ఇస్తాను. అది సామాన్య జనానికి చెప్పిన మాట, తన మీద వచ్చిన ఆరోపణలకి ఇచ్చిన జవాబు. ఎదుట మనిషిని పెట్టుకుని మాట్లాడిన పాఠంలో వాదన ఎక్కడ మలుపు తిరిగిందో పాఠకులకి కనిపిస్తుంది.

మొత్తం ఇవ్వలేదు. మధ్యలో ఒక విద్యార్థి కథ ఉంది, ఆ రెండు మూడు పేజీలే ఇచ్చాను. యుద్ధకాలం. ఆ కుర్రాడి అన్న 1940లో జర్మన్ దాడిలో చనిపోయాడు. తండ్రికీ తల్లికీ పడదు. తల్లికి మిగిలింది వీడొక్కడే. ఇంగ్లండ్ వెళ్ళి స్వేచ్ఛా ఫ్రెంచి సైన్యంలో చేరాలా, తల్లి దగ్గర ఉండిపోవాలా? సార్త్ర్‌ని సలహా అడిగాడు. నువ్వు స్వతంత్రుడివి, నువ్వే ఎంచుకో అని సార్త్ర్ చెప్పి పంపేశాడు.

చదివే పద్ధతి ఇలా పెట్టుకున్నాం. ఆమె ఇంగ్లిష్‌లో పైకి చదవాలి. పుస్తకం మూసి, పరిభాష లేకుండా తన తెలుగులో చెప్పాలి. ఆ తరువాత అర్థం నన్ను అడిగేముందు, "నేను ఒప్పుకోని మాట" అని ఒక వాక్యం రాయాలి. ఈ మూడోదాని మీద పట్టుబట్టాను. మన దగ్గర చదువుకున్నవాళ్ళకి పెద్దవాళ్ళ మాటని తలవంచి రాసుకోవడం అలవాటు. సార్త్ర్‌ని కూడా అలాగే రాసుకుంటే, నాన్నగారు, మావయ్య, మా ఆయన తరువాత చెప్పేవాళ్ళ వరసలో నాలుగోవాడవుతాడు. ఆమె ప్రశ్నకి అంతకంటే అన్యాయం ఉండదు.

ఆమె రాసిన మొదటి వాక్యం: "ఇది సలహా కాదు, తప్పించుకోవడం."

ఆ సాయంత్రం రీడింగ్ రూములో రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన ఉన్నారు. ఆయన కల్పించుకున్నారు. "అమ్మా, అర్జునుడు కూడా ఇలాగే అడిగాడు. కృష్ణుడు తప్పించుకోలేదు, పద్దెనిమిది అధ్యాయాలు చెప్పాడు." ఆమె ముఖం వెలిగింది. ఒక్క క్షణం ఆగి మాస్టారే మళ్ళీ అన్నారు: "కానీ చివర్లో ఒక శ్లోకం ఉంది. 'విమృశ్యైతదశేషేణ యథేచ్ఛసి తథా కురు.' ఇదంతా బాగా ఆలోచించుకుని నీకెలా తోస్తే అలా చెయ్యి." పద్దెనిమిదో అధ్యాయం, అరవై మూడో శ్లోకం. గీత, సార్త్ర్ ఒకటే చెబుతున్నాయని నేను ఒప్పుకోను. కృష్ణుడికి ధర్మం ఉంది, ఆ శ్లోకం తరువాత శరణాగతి కూడా ఉంది. సార్త్ర్ లోకంలో పైనుంచి చెప్పేవాడే లేడు. ఆ తేడా అక్కడే చెప్పాను. అయితే బయటివాళ్ళ తత్వం మన గుమ్మంలో అడుగుపెట్టాలంటే ఇలాంటి పేచీ ఒకటి జరగాలి. ఆ సాయంత్రం తరువాత ఆమె సార్త్ర్‌ని 'ఆయన' అనడం మానేసి 'ఈయన' అనడం మొదలుపెట్టారు.

తరువాత తలరాత గురించి గట్టిగా వాదన నడిచింది. "నుదుట రాసిపెట్టి ఉంటే ఎంచుకోవడం ఏముందండి?" అన్నారు. అదే ఉపన్యాసంలో సార్త్ర్ యుద్ధఖైదీగా ఉన్నప్పుడు పరిచయమైన ఒక జెస్యూట్ ఫాదరీ కథ ఉంది. తండ్రి చిన్నప్పుడే పోయాడు, పేదరికం, ప్రేమ విఫలం, సైనిక పరీక్షలో తప్పాడు. ఇదంతా దేవుడు నన్ను తనవైపు పిలిచిన సంకేతం అనుకుని సన్యాసం తీసుకున్నాడు. అవే దెబ్బల్ని ఇంకొకడు వడ్రంగం నేర్చుకోమనో, విప్లవంలో దిగమనో అర్థం చేసుకోవచ్చు కదా అంటాడు సార్త్ర్. సంకేతాన్ని చదివే బాధ్యత చదివినవాడిదే. ఆ పేజీ చదివాక ఆమె ఏమీ ఒప్పుకోలేదు. "ఇది ఇంటికెళ్ళి ఆలోచించాలి" అన్నారు.

అసలు మలుపు ఇంకో చిన్న వాక్యం దగ్గర వచ్చింది. సలహాదారుని ఎంచుకోవడంలోనే నువ్వు సగం నిర్ణయం తీసుకున్నావు అంటాడు సార్త్ర్. ఏ ఫాదరీని అడిగితే ఏం చెబుతాడో అడిగేవాడికి ముందే కొంత తెలుసు. అది చదివి ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "పొలం సంగతి మరిదిగారిని అడిగాను. చెరువుకిచ్చెయ్యమనే అంటారని నాకు ముందే తెలుసండి. అయినా ఆయన్నే అడిగాను. మా నాన్నగారిని అడగలేదు." నోట్‌బుక్ మొదటి పేజీ తీసి, 'నేనేదైనా చూడకుండానైనా ఉండాలి' అన్న ముక్క కింద గీత గీశారు.

మళ్ళీ పెద్ద పుస్తకానికి

ఇప్పుడు 'బీయింగ్ అండ్ నథింగ్‌నెస్' తెరవొచ్చనిపించింది, కానీ మొదటి పేజీనుంచి కాదు. రెండు చోట్లు చూపించాను. మొదటి భాగం రెండో అధ్యాయంలో ఆత్మవంచన గురించి ఉంటుంది. మూడో భాగం మొదటి అధ్యాయంలో చూపు గురించి ఉంటుంది. ఈ రెండు చోట్లా సార్త్ర్ నవలాకారుడిలా దృశ్యాలు రాశాడు, దృశ్యాన్ని పట్టుకుంటే తర్కం వెనకే వస్తుంది.

తాళంచెవి రంధ్రంలోంచి లోపలికి తొంగిచూస్తున్న మనిషికి వెనక అడుగుల చప్పుడు వినబడుతుంది. అప్పటిదాకా అతను చూస్తున్నవాడు, ఆ క్షణంలో చూడబడేవాడైపోతాడు, సిగ్గు కమ్ముకుంటుంది. ఈ భాగానికి నా వివరణ ఏమీ అవసరం రాలేదు. మిల్లులో ఈ పుస్తకానికి న్యూస్‌పేపరు అట్ట వేసుకుని చదువుతున్నానని ఆమే చెప్పారు. ఆ వారం ఎవరూ చెప్పకుండానే 'ది స్ట్రేంజర్' మళ్ళీ చదివారు. ఈసారి కోర్టు భాగం పట్టుకున్నారు. హత్య కేసులో తల్లి అంత్యక్రియల్లో ఏడ్చాడా లేదా అన్నదే పెద్ద విషయమైపోతుంది. "మన చావు ఇళ్ళల్లోనూ అంతే కదండి, ఎవరు ఎంత ఏడ్చారో అందరూ లెక్కపెడతారు" అన్నారు. ముందు పనిచేయని పుస్తకం ఇప్పుడు పనిచేసింది. నవలకి ముందు ఒక వాదన తలలో ఉండటం వల్ల వచ్చిన తేడా అది.

ఆత్మవంచన అధ్యాయంలో ఒక స్త్రీ ఉంటుంది. కలిసి కూర్చున్న మగవాడు చెయ్యి పట్టుకుంటాడు. ఆమె చెయ్యి తీయదు, ఉంచుతున్నాననీ అనుకోదు, ఆ చెయ్యి తనది కానట్టు వదిలేసి పెద్దపెద్ద విషయాలు మాట్లాడుతుంది. ఇది ఆత్మవంచన అంటాడు సార్త్ర్. ఇక్కడ మా పాఠకురాలు రాసిన 'ఒప్పుకోని మాట' ఈ కేసు మొత్తంలో నాకు బాగా నచ్చింది: "చెయ్యి లాక్కుంటే ఆమెకి ఏమవుతుందో ఈయన రాయలేదు."

ఆ అభ్యంతరమే తరువాతి పుస్తకాన్ని నిర్ణయించింది. సార్త్ర్ సహచరి, ఫ్రెంచి రచయిత్రి సిమోన్ ద బోవా ఆయనతో సరిగ్గా ఈ విషయం మీదే గొడవపడింది. అంతఃపురంలో బంధించిన స్త్రీకి ఎలాంటి స్వేచ్ఛ ఉంటుందని తాను అడిగిన సంగతి 1960లో వచ్చిన ఆత్మకథ భాగంలో ఆమే రాసుకుంది. 1947 నాటి 'ది ఎథిక్స్ ఆఫ్ యాంబిగ్యుటీ'లో ఆ ప్రశ్న ఇంకా ముందుకెళుతుంది. తన లోకం తప్ప ఇంకో లోకం ఉందని తెలియకుండా మూసేసిన మనిషిని నిందించలేం. కానీ తలుపు తెరుచుకుందని కనిపించాక కూడా కదలకపోతే, అది స్వేచ్ఛని తనంతట తానే వదులుకోవడం. సార్త్ర్ మీద మా పాఠకురాలికున్న కోపానికి ఒక ఆధారం దొరికింది, ఆ వెంటే తన మీద ఒక ప్రశ్న కూడా పడింది.

ఇక్కడ డెల్టా నేరుగా చర్చలోకి వచ్చేసింది. "చుట్టూ చెరువులు తవ్వేశారు. ఉప్పు ఊట మా చేలోకి దిగుతోంది. రేపు వరి నిలవదు. ఇందులో నా ఎంపిక ఏదండి?" అన్నారు. మాస్టారు 2011 గుర్తుచేశారు. ఆ ఏడు కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్ వరి) వేయకుండా పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు లేదు, కూలీలు లేరు, మురుగు పోదు. వేయకపోవడం నిస్సహాయత అనుకోవచ్చు. కానీ నలుగురూ కలిసి, పేరు పెట్టి, ప్రభుత్వానికి చెప్పి వేయకపోవడం వేరే పని. ఉప్పు ఊట ఆమె ఎంచుకున్నది కాదు, దాన్ని కాదనడం అబద్ధం. 'అందరూ ఇచ్చేస్తున్నారు, మనమొక్కరం ఏం చేస్తాం' అన్న వాక్యం మాత్రం ఆమె నోటినుంచే వస్తోంది. ఈ రెండిటి మధ్య గీత ఎక్కడ పడుతుందో మేం ముగ్గురం ఒప్పుకోలేకపోయాం. అలా ఒప్పుకోలేకపోవడం దగ్గరికి చేరాక ఆమె అస్తిత్వవాదం చదవడం మొదలుపెట్టినట్టే లెక్క.

తోటివాళ్ళకి

పొలం ఏమైందో రాయను. అది రాస్తే మనిషి తెలిసిపోతారు. చదువు ఫలించిందా లేదా అన్నదానికి అది కొలత కూడా కాదు. నేను చూసే గుర్తు ఒక్కటే: తరువాతి పుస్తకం ఆమే ఎంచుకున్నారు. బోవా రాసిన 'ది సెకండ్ సెక్స్' తెప్పించమన్నారు. 1953 నాటి పాత ఇంగ్లిష్ అనువాదంలో చాలా భాగాలు కత్తిరించారు కాబట్టి, 2009లో వచ్చిన పూర్తి అనువాదం తెప్పించాను. ముందుమాటనుంచి మొదలుపెట్టమని చెప్పబోతే, "అధ్యాయాల పేర్లు చూసుకున్నానండి, పెళ్ళి గురించిన అధ్యాయంతో మొదలుపెడతాను" అన్నారు.

ఈ వరస అందరికీ సరిపోదు. పోటీ పరీక్షలకి చదువుతూ, ఏళ్ళ తరబడి ఫలితం కోసం ఎదురుచూసే కుర్రాళ్ళు మా రీడింగ్ రూములో చాలామంది ఉన్నారు. వాళ్ళకి నువ్వే ఎంచుకో అన్న మాట ఇంకో బరువవుతుంది. వాళ్ళడిగితే నేను సార్త్ర్‌తో మొదలుపెట్టను, 1886లో వచ్చిన టాల్‌స్టాయ్ 'ది డెత్ ఆఫ్ ఇవాన్ ఇల్యిచ్' ఇస్తాను. అన్ని మెట్లూ సక్రమంగా ఎక్కిన ఉద్యోగి కథ అది. ఏ ప్రమోషన్ కోసం వాళ్ళు రాత్రులు మేల్కొంటున్నారో, అది దొరికిన మనిషి జీవితాన్ని ముందు చూసి, ఆ తరువాత వాళ్ళ ప్రశ్న వాళ్ళు రాసుకోవచ్చు. ఆడవాళ్ళు వస్తే బోవాని చివరికి ఉంచకండి. పరిస్థితి గురించి ఆమె అడిగిన ప్రశ్న లేకుండా సార్త్ర్ ఒక్కడినే చదివితే, ఇక్కడి జీవితాల మీద అది తీర్పు చెప్పినట్టు వినిపిస్తుంది. కీర్కెగార్డ్‌ని మాత్రం బైబిల్ బాగా తెలిసిన పాఠకులు వస్తే మొదటే ఇవ్వొచ్చు. డెల్టాలో అలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు, అబ్రహాము కథ వాళ్ళకి చిన్నప్పటినుంచీ తెలుసు.